అనుమానం రాకపోవడమే ఆయుధం: ఆక్రమిత ఫ్రాన్స్‌లో మహిళా ఏజెంట్లు

క్లుప్తంగా

రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ రహస్య సంస్థ ఎస్ఓఈ ఫ్రాన్స్ విభాగం 39 మంది మహిళలను పంపింది. వారిలో 13 మంది తిరిగి రాలేదు. వాళ్లను పంపడానికి కారణం అందచందాలు కాదు, స్త్రీపురుష సమానత్వం మీద నమ్మకం కూడా కాదు. వయసులో ఉన్న మగవాడు రోడ్డెక్కితే చాలు ఆపి కాగితాలు అడిగే రోజుల్లో, సైకిల్‌కి సంచి తగిలించుకుని పోయే ఆడమనిషిని పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ చిన్నచూపు ఎంతకాలం పనికొచ్చింది, ఎక్కడ బెడిసికొట్టింది, యుద్ధం అయ్యాక అదే చిన్నచూపు ఆ మహిళల మీదికే ఎలా తిరిగింది అన్నదే ఇక్కడి విషయం.

మాతాహరి వల్ల వచ్చిన చిక్కు

ఆడ గూఢచారి అనగానే చాలామందికి గుర్తొచ్చే పేరు మాతాహరి. పారిస్ వేదికల మీద నాట్యం చేసి, సైనికాధికారులతో స్నేహాలు నడిపి, జర్మనీకి రహస్యాలు అమ్మిందన్న ఆరోపణ మీద 1917 అక్టోబర్ 15న వాన్సెన్ దగ్గర తుపాకీ గుళ్లకు బలైన మనిషి. ఆమె నిజంగా చేరవేసిన రహస్యాలు ఏపాటివన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. అదే యుద్ధంలో బ్రస్సెల్స్‌లో పనిచేసిన బ్రిటిష్ నర్సు ఈడిత్ కావెల్, మిత్రపక్ష సైనికులు సరిహద్దు దాటడానికి సాయం చేసినందుకు 1915 అక్టోబర్ 12న జర్మన్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నారు. బెల్జియంలో సమాచారం సేకరించిన గాబ్రియెల్ పెటిట్‌ను మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కాల్చిచంపారు. పనిలో వీళ్లిద్దరిదే పైచేయి, జనం నోట మిగిలింది మాత్రం నాట్యకత్తె పేరు.

ఆ బొమ్మ మనసులో పెట్టుకుని రెండో ప్రపంచయుద్ధాన్ని చూస్తే ఏదీ అర్థం కాదు. 1942 తర్వాత ఫ్రాన్స్‌లో దిగిన మహిళా ఏజెంటుకు శత్రు అధికారి కంట పడకపోవడమే ఉద్యోగం. నలుగురిలో కలిసిపోయే ముఖం, స్థానికుల్లా పలికే ఫ్రెంచి, రోజుల తరబడి ఒంటరిగా ఉండగలిగే ఓర్పు ఉంటే సరిపోయేది.

నూర్ ఇనాయత్ ఖాన్ పేరు మన దగ్గర అప్పుడప్పుడూ వార్తల్లోకి, వాట్సాప్ సందేశాల్లోకి వస్తూనే ఉంటుంది. 2020లో లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో ఆమె ఉన్న ఇంటికి నీలి ఫలకం పెట్టినప్పుడు ఆ జోరు మరీ పెరిగింది. 'టిప్పు సుల్తాన్ వారసురాలు', 'గూఢచారి రాకుమారి' లాంటి మాటల హోరులో ఆమె అసలు ఏం పని చేశారో, ఆ పనికి ఆమెనే ఎందుకు పంపారో మరుగున పడిపోతోంది.

మగవాడు బయటికి రాలేని దేశం

ఎస్ఓఈ, అంటే స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, 1940 జులైలో పుట్టింది. ఆక్రమిత దేశాల్లో విధ్వంసం, తిరుగుబాటు రగిలించడం దాని పని. ఫ్రాన్స్ విభాగానికి మారిస్ బక్‌మాస్టర్ అధిపతి. ఆయన పక్కన వీరా అట్కిన్స్ అనే అధికారిణి ఏజెంట్ల మంచిచెడ్డలన్నీ చూసేవారు. ఈ విభాగం ఎక్కడికక్కడ చిన్న చిన్న నెట్‌వర్క్‌లు కట్టేది. ప్రతి నెట్‌వర్క్‌కూ మూలస్తంభాల్లాంటి వాళ్లు ముగ్గురు: మనుషుల్ని కూడగట్టే నాయకుడు, లండన్‌తో మాట్లాడే వైర్‌లెస్ ఆపరేటర్, వీళ్లిద్దరినీ మిగతావాళ్లతో కలిపే కొరియర్.

1942 వసంతంలో మహిళలను కూడా లోపలికి పంపవచ్చని అనుమతి వచ్చింది. నియామకాలు చూసిన సెల్విన్ జెప్సన్ మొదటినుంచీ దాన్నే కోరుకున్నారు. ఒంటరిగా, నింపాదిగా ధైర్యం నిలుపుకోవడంలో మగవాళ్లకంటే ఆడవాళ్లే మేలన్నది ఆయన అభిప్రాయం. అభిప్రాయాల సంగతి ఎలా ఉన్నా, ఈ నిర్ణయాన్ని గట్టిపరిచింది ఫ్రాన్స్‌లో మారిన పరిస్థితే. 1943 ఫిబ్రవరి 16న, జర్మనీకి లోబడి పనిచేసే ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం నిర్బంధ కార్మిక సేవ చట్టం తెచ్చింది. వయసులో ఉన్న మగవాళ్లను పట్టి జర్మనీ ఫ్యాక్టరీలకు పంపడం దాని ఉద్దేశం. ఆ దెబ్బతో పాతికేళ్ల కుర్రాడు పనిరోజు మధ్యాహ్నం రైల్లో కనిపిస్తే, వీడిక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్న దానంతటదే పుట్టేది. అదే వయసు అమ్మాయి కనిపిస్తే పుట్టేది కాదు. తిండి దొరకని కాలం. పట్నం ఆడవాళ్లు పల్లెలకు పోయి గుడ్లు, బంగాళాదుంపలు తెచ్చుకోవడం అందరూ చూస్తున్నదే. ఎక్కడికని అడిగితే చెప్పడానికి జవాబు చేతి సంచిలోనే ఉండేది.

చట్టపరంగా ఒక తిరకాసు ఉండేది. బ్రిటిష్ సైన్యపు మహిళా విభాగాల్లో ఉన్నవారు ఆయుధం పట్టకూడదు. అందుకని చాలామందిని ఫస్ట్ ఎయిడ్ నర్సింగ్ యోమన్రీ అనే స్వచ్ఛంద సంస్థలో చేర్చారు. అది సైన్యంలో భాగం కాదు కనుక ఆ నిషేధం దానికి వర్తించదు. పేరుకు నర్సులు, నేర్చుకున్నది స్టెన్‌గన్ కాల్చడం, పట్టాలు పేల్చడం. ఈ సర్దుబాటుకు వెల ఏమిటో యుద్ధం ముగిశాక గానీ తేలలేదు.

ఆ అనుమతికి ముందే రంగంలో దిగిన మనిషి వర్జీనియా హాల్. అమెరికన్. 1933లో తుర్కియేలో వేటకు వెళ్లినప్పుడు తుపాకీ పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. ఆ తర్వాత కొయ్యకాలే. దానికి ఆమె 'కథ్‌బర్ట్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. 1941 ఆగస్టులో న్యూయార్క్ పత్రికా విలేకరినని చెప్పుకుని, అప్పటికి జర్మన్ సైన్యం రాని విషీ ఫ్రాన్స్‌లో అడుగుపెట్టి, లియోన్ నగరాన్ని కేంద్రం చేసుకుని, వచ్చే ఏజెంట్లకు ఇళ్లు, డబ్బు, కాగితాలు చూసిపెట్టారు. 1942 నవంబర్‌లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌లోకి కూడా రావడంతో, చలికాలంలో పిరనీస్ పర్వతాలు నడిచి దాటి స్పెయిన్ చేరారు. దారిలో కథ్‌బర్ట్ ఇబ్బంది పెట్టవచ్చని లండన్‌కు కబురు పంపితే, ఆ పేరు వెనక సంగతి తెలియని అధికారి, ఇబ్బంది పెడితే అతన్ని లేపేయమని జవాబిచ్చారట.

కొరియర్ అంటే నడిచే టెలిఫోన్

ఆక్రమిత ఫ్రాన్స్‌లో ఫోన్ వాడితే వింటారు, ఉత్తరం వేస్తే విప్పుతారు. కాబట్టి ప్రతి మాటా ఒక మనిషి మోసుకెళ్లాల్సిందే. ఎక్కడ ఆయుధాలు దింపుతారు, ఏ ఇంటికి ఇక వెళ్లకూడదు, ఎవరు పట్టుబడ్డారు లాంటివన్నీ. చిన్నవైతే తలలో పెట్టుకునేవారు. రాయక తప్పకపోతే పల్చటి కాగితం మీద రాసి, బట్టల మడతల్లోనో సైకిల్ హ్యాండిల్ గొట్టంలోనో దాచేవారు.

పెర్ల్ విదరింగ్టన్ ఉదాహరణ ఈ పనిలోని విసుగును, అలసటను బాగా చూపిస్తుంది. 1943 సెప్టెంబర్‌లో పారాచూట్‌తో దిగిన ఆమె, మారిస్ సౌత్‌గేట్ నెట్‌వర్క్‌లో కొరియర్‌గా చేరారు. ఆ నెట్‌వర్క్ మధ్య ఫ్రాన్స్ నుంచి పిరనీస్ దాకా పరుచుకుని ఉండేది. పైకి ఆమె సౌందర్య సాధనాల కంపెనీ ప్రతినిధి. ఊరూరా తిరగడానికి అదొక నెపం. హోటల్లో దిగితే పేరు రాయాలి, ఆ పేర్ల చిట్టా పోలీసుల చేతికి వెళుతుంది. అందుకని ఎన్నో రాత్రులు రైళ్లలోనే నిద్ర. చలికాలం, బోగీల్లో వేడి ఉండదు. చివరికి కీళ్లనొప్పులతో మంచాన పడ్డారు. ఆ నెలల్లో ఆమె ఒంటిని బాగా దెబ్బతీసింది ఆ రైలుపెట్టెల చలే.

1944 మేలో సౌత్‌గేట్ పట్టుబడ్డాక ఆ నెట్‌వర్క్‌లో ఒక భాగాన్ని ఆమే చేతిలోకి తీసుకున్నారు. అడవుల్లో చేరిన మాకీ (ఫ్రెంచి ప్రతిఘటన) దళాల్లో మొదట 1,500 మంది దాకా ఉండేవారు, తర్వాత ఆ సంఖ్య రెట్టింపు దాటింది. వాళ్లకు ఆయుధాలు తెప్పించి, నార్మండీ వైపు పోయే జర్మన్ సేనల దారులు, రైలు పట్టాలు తెగ్గొట్టించారు. ఉత్తరాలు మోసే మనిషికే ప్రతి ఊళ్లో ఎవరు నమ్మకస్తులో తెలుస్తుంది. నాయకుడు పోతే పగ్గాలు పట్టగలిగేది సహజంగా ఆ మనిషే. ఎస్ఓఈ ఇలాంటి నాయకత్వాన్ని మహిళలకు ముందే రాసిపెట్టలేదు, పని తోసుకొచ్చి వాళ్ల చేతిలో పెట్టింది.

దూరం కూడా ఈ పనిలో శత్రువే. నాన్సీ వేక్ పనిచేసిన ఒవెర్న్ కొండల్లో, దాడి సమయంలో ఆపరేటర్ తన కోడ్‌లను నాశనం చేసుకోవాల్సి వచ్చింది. కోడ్ లేకపోతే లండన్‌తో మాటలుండవు, మాటల్లేకపోతే ఆయుధాలు రావు. మరో ఆపరేటర్‌ను పట్టుకుని కబురందించడానికి ఆమె 72 గంటల్లో దాదాపు 500 కిలోమీటర్లు సైకిల్ తొక్కారు.

ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం ఒక్కోసారి చాలా చిన్న విషయాలు. కెఫేలో కూర్చుని బ్లాక్ కాఫీ ఇమ్మంటే దొరికిపోయినట్టే. పాలు దొరకని దేశంలో ఉన్నదంతా బ్లాక్ కాఫీయే, ఆ మాట ప్రత్యేకంగా ఎవరూ అనరు. మహిళలకు పొగాకు రేషన్ ఉండేది కాదు కాబట్టి, నలుగురిలో ధారాళంగా సిగరెట్లు తీసే అమ్మాయి వైపు తలలు తిరుగుతాయి. రోడ్డు దాటేటప్పుడు లండన్ అలవాటు కొద్దీ కుడివైపు చూసినా అంతే.

చేతిపెట్టెలో వైర్‌లెస్: నూర్ నాలుగు నెలలు

కొరియర్‌కు అనుకూలించే సాధారణత వైర్‌లెస్ ఆపరేటర్‌కు సగమే అనుకూలిస్తుంది. సంచిలో గుడ్లున్నాయని చెప్పవచ్చు, ట్రాన్స్‌మిటర్ ఉంటే ఏమని చెబుతారు? సెట్టు చేతిపెట్టెలో అమర్చినదే అయినా బరువు సుమారు 15 కిలోలు. పైగా పాతిక గజాలకు అటూఇటూ ఏరియల్ తీగ ఆరుబయట కట్టాలి. గాల్లోకి సంకేతం పోగానే జర్మన్ల దిశాశోధక కేంద్రాలు పసిగట్టేవి. ఆ వెంటనే మామూలు వ్యాన్‌లలా కనిపించే బండ్లు వీధులు జల్లెడ పట్టేవి. ఒకేచోట ఇరవై నిమిషాలు దాటితే ప్రమాదం. 1943లో ఆపరేటర్ ఆరు వారాలు దొరక్కుండా ఉంటే గొప్ప అనుకునేవారు.

నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టారు. తండ్రి సూఫీ గురువు, సంగీతకారుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్, బరోడా మనిషి. తల్లి అమెరికన్. టిప్పు సుల్తాన్‌తో బంధుత్వం ఆ కుటుంబం చెప్పుకునే వంశావళిలోది. తెలుగు పాఠకులకు అంతకంటే దగ్గరి లంకె ఒకటుంది. విదేశాలకు వెళ్లకముందు ఇనాయత్ ఖాన్ కొన్నేళ్లు హైదరాబాద్‌లో గడిపారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పాడి మెప్పు పొందారు. తన గురువు అబూ హాషిం మదనీని కలుసుకున్నదీ ఆ ఊళ్లోనే. కూతురు మాత్రం పారిస్ శివారు సురెన్‌లో పెరిగి, సొర్బాన్‌లో బాలల మనస్తత్వశాస్త్రం చదివి, వీణ లాంటి హార్ప్ వాయించడం నేర్చి, జాతక కథల్ని పిల్లల కోసం తిరిగి చెబుతూ 1939లో పుస్తకం వేశారు. ఫ్రాన్స్ పడిపోయాక ఇంగ్లండ్ చేరి, 1940 నవంబర్‌లో మహిళా వైమానిక సహాయక దళంలో చేరి, వైర్‌లెస్ నేర్చుకున్నారు.

శిక్షణలో కొందరు అధికారులు ఆమె మీద పెదవి విరిచారు. సున్నిత మనస్కురాలు, అబద్ధం ఆడలేదు, ఈ పనికి సరిపోతుందా అన్నది అనుమానం. అయినా ఆపరేటర్ల కొరత తీవ్రంగా ఉంది. పైగా ఆమె ఫ్రెంచి పుట్టుకతో వచ్చినంత సహజం. 1943 జూన్ 16 రాత్రి లైసాండర్ విమానంలో ఫ్రాన్స్ పొలాల్లో దిగారు. ఆక్రమిత ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. అదే రాత్రి దిగిన మరో ఇద్దరు మహిళలు డయానా రౌడెన్, సెసిలీ లెఫోర్ట్. ముగ్గురిలో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

దిగిన వారం పది రోజుల్లోనే పారిస్ చుట్టూ ఉన్న 'ప్రాస్పర్' నెట్‌వర్క్ కూలింది. దాని నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్ జూన్ 24న పట్టుబడ్డారు, వెనకే వరసపెట్టి అరెస్టులు. వెనక్కి వచ్చేయమని లండన్ అంటే నూర్ కాదన్నారు. తాను వస్తే పారిస్‌కు గొంతు ఉండదని ఆమె వాదన. అప్పటినుంచి గది మార్చి గది, పేటమార్చి పేట. జుట్టు రంగు మార్చుకుంటూ, ఆ 15 కిలోల పెట్టె మోసుకుంటూ తిరిగారు. మెట్రోలో ఇద్దరు జర్మన్ సైనికులు పెట్టెలో ఏముందని అడిగితే, సినిమా ప్రొజెక్టరని చెప్పి మూత కాస్త తెరిచి, ఇవిగో చిన్న చిన్న బల్బులు అని చూపించారని జీవితచరిత్రల్లో ఒక సంఘటన కనిపిస్తుంది. అబద్ధం ఆడలేదని శిక్షకులు రాసిన మనిషి ఆమె.

అక్టోబర్ మధ్యలో ఎవరో ఆచూకీ అమ్మేయడంతో పట్టుబడ్డారు. 84, అవెన్యూ ఫోష్‌లోని జర్మన్ భద్రతా విభాగం కార్యాలయం నుంచి నవంబర్‌లో పైకప్పు మీదుగా తప్పించుకోబోయి మళ్లీ దొరికారు. తర్వాత జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ జైల్లో చేతులకూ కాళ్లకూ సంకెళ్లతో ఏకాంతవాసం. 1944 సెప్టెంబర్ 13న దాహౌ నిర్బంధ శిబిరంలో మరో ముగ్గురు మహిళా ఏజెంట్లు యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్, మాడెలీన్ దామెర్మాన్‌తో పాటు కాల్చిచంపారు. నూర్ తమకు ఏమీ చెప్పలేదని పారిస్‌లోని ఆ కార్యాలయ అధిపతి కీఫరే యుద్ధం తర్వాత విచారణలో ఒప్పుకున్నాడు.

తప్పు మనిషిదా, పద్ధతిదా?

నూర్ మీద తరచూ వచ్చే విమర్శ, పంపిన సందేశాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి దాచుకున్నారని. అది నిజమే, ఆ పుస్తకం జర్మన్లకు దొరికింది. అయితే ఆమెకిచ్చిన ఆదేశపత్రంలో సందేశాల 'ఫైలింగ్' విషయంలో చాలా జాగ్రత్తగా ఉండమని ఉంది. పత్రికల భాషలో ఆ మాటకు వార్త పంపడం అని అర్థం. ఆఫీసు భాషలో కాగితాలు భద్రపరచడం. ఆమె రెండో అర్థం తీసుకుని ఉండవచ్చన్నది పరిశోధకుల అంచనా. ప్రాణాలకు సంబంధించిన ఆదేశంలో రెండర్థాల మాట వాడింది మాత్రం లండన్.

దీనికంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ప్రతి ఆపరేటర్‌కూ ముందే చెప్పిన 'చెక్'లు ఉంటాయి, అంటే సందేశంలో ఫలానా చోట కావాలని చేసే చిన్న తప్పు. శత్రువు చేతికి చిక్కి బలవంతంగా సందేశం పంపాల్సి వస్తే ఆ తప్పు చేయకుండా వదిలేయాలి, లండన్ అర్థం చేసుకోవాలి. నెదర్లాండ్స్‌లో 1942లోనే హూబ్ లావర్స్ అనే ఆపరేటర్ సరిగ్గా అలాగే చేశాడు. లండన్ పట్టించుకోకుండా మనుషుల్ని పంపుతూ పోయింది. యాభై మందికి పైగా ఏజెంట్లు నేరుగా జర్మన్ల చేతుల్లో దిగారు. ఫ్రాన్స్‌లో ప్రాస్పర్ ఆపరేటర్ గిల్బర్ట్ నార్మన్ పేరుతో వచ్చిన సందేశంలో అసలు చెక్ లేకపోతే, చెక్ మర్చిపోయావు, జాగ్రత్తగా ఉండు అని లండనే గుర్తుచేసింది. ఆ జవాబు చదివింది నార్మన్‌ను పట్టుకున్న జర్మన్లు. ఇంతకంటే దారుణమైన పొరపాటు ఈ చరిత్రలో వెతికినా దొరకదు.

నూర్ సెట్‌తో జర్మన్లు ఆడిన నాటకమూ అలాంటిదే. ఆమె పేరుతో వచ్చిన కబుర్లు నమ్మి 1944 ఫిబ్రవరి చివర్లో ముగ్గురు ఏజెంట్లను దింపారు. కింద దీపాలు పట్టుకుని నిలబడ్డది జర్మన్లు. ఆ ముగ్గురిలో ఒకరు మాడెలీన్ దామెర్మాన్, ఆరు నెలల తర్వాత దాహౌలో నూర్‌తో కలిసి చనిపోయిన మనిషి.

కాబట్టి ఫలానా ఏజెంటు ఆడది గనుక పట్టుబడిందా అన్న ప్రశ్న పెద్దగా నిలవదు. ప్రాస్పర్ కూలడం, రేడియో నాటకాలు, చెక్‌ల నిర్లక్ష్యం మగ ఏజెంట్లనూ అంతే తిన్నాయి. ఆడవాళ్లకు తోడైన ప్రమాదం వేరే ఉంది. అనుమానం రాకపోవడం అనేది వాడుతున్నకొద్దీ తరిగిపోయే సరుకు. మొదటి కొరియర్ పట్టుబడేదాకా సంచి పట్టుకున్న అమ్మాయి సంచి పట్టుకున్న అమ్మాయే. పదో కొరియర్ పట్టుబడేసరికి సోదాచేసేవాడి కళ్లు మారిపోతాయి. 1943 చివరికి పారిస్‌లో జరిగింది అదే.

నమ్మకపోవడం రెండు వైపులా

బెల్జియం అమ్మాయి ఆంద్రే ద యాంగ్‌కు 1941లో పాతికేళ్లు కూడా నిండలేదు. కూలిన విమానాల నుంచి బతికి బయటపడ్డ మిత్రపక్ష వైమానికులను బ్రస్సెల్స్ నుంచి పిరనీస్ మీదుగా స్పెయిన్ చేర్చే 'కొమెత్' మార్గాన్ని ఆమె నడిపారు. ఆ ఏడాది ఆగస్టులో ఒక బ్రిటిష్ సైనికుణ్ణి, ఇద్దరు బెల్జియన్లను వెంటబెట్టుకుని బిల్బావోలోని బ్రిటిష్ కాన్సులేట్ గుమ్మంలో నిలబడితే, ఈ పిల్ల కొండలు దాటించిందా అని అధికారులు మొదట నమ్మలేదు. 1943 జనవరిలో పట్టుబడ్డాక, మిగతావాళ్లను కాపాడటానికి నాయకురాలిని నేనేనని ఆమే ఒప్పుకుంటే జర్మన్లూ నమ్మలేదు. అసలు నాయకుడెవరో మగవాడు ఉండి ఉంటాడని వెతికారు. ఆమె శిబిరాల నుంచి బతికి బయటపడ్డారు. ఆ అపనమ్మకం కూడా అందుకు కొంత తోడ్పడిందనుకోవచ్చు.

మరీ-మాడెలీన్ ఫుర్‌కాద్‌ది ఇంకా ఆసక్తికరం. బ్రిటిష్ గూఢచార సంస్థకు సమాచారం పంపే 'అలియాన్స్' నెట్‌వర్క్‌లో దాదాపు 3,000 మంది పనిచేశారు. ఏజెంట్లందరికీ జంతువుల, పక్షుల పేర్లు, ఆమెకు ముళ్లపంది. 1941లో నాయకుడు అరెస్టయ్యాక పగ్గాలు ఆమె పట్టారు. తాను స్త్రీనన్న సంగతి మాత్రం కొన్ని నెలలపాటు లండన్‌కు తెలియనివ్వలేదు. తెలిస్తే తన మాటకు విలువ ఇవ్వరని ఆమె భయం. శత్రువు నుంచి దాచాల్సిన విషయం మిత్రుల నుంచీ దాచాల్సి వచ్చిందన్నమాట.

ఆ నెట్‌వర్క్‌లోని జానీ రూసో చేసిన పని చూస్తే ఈ చిన్నచూపును ఎంత నేర్పుగా వాడుకోవచ్చో తెలుస్తుంది. జర్మన్ ధారాళంగా మాట్లాడే ఆమె పారిస్‌లో దుబాసీగా ఉంటూ, సైనికాధికారుల కబుర్లు వినేవారు. కొత్త ఆయుధం గురించి వాళ్లు గొప్పలు పోతే, ఊరుకోండి, అంత దూరం అంత వేగంగా ఎగిరేది ఉంటుందా అని నమ్మనట్టు నటించేవారు. అమాయకురాలికి అర్థం కావాలన్న పంతంతో ఒక అధికారి బొమ్మలతో సహా వివరించాడు. జర్మనీలోని పీనెమ్యూండేలో తయారవుతున్న వి-1, వి-2 ఆయుధాల గురించి ఆమె పంపిన నివేదిక 1943లో లండన్‌లో చాలా పైస్థాయి దాకా వెళ్లింది.

తూర్పున, పోలాండ్‌లో యూదులను నిర్బంధించిన పేటల్లో, అంటే గెట్టోలలో, కారణం ఇంకా కటువుగా ఉంది. సున్తీ వల్ల యూదు పురుషుణ్ణి బట్టలు విప్పిస్తే పోల్చవచ్చు. స్త్రీ విషయంలో ఆ గుర్తు లేదు. అందుకే గెట్టో నుంచి గెట్టోకు వార్తలు, దొంగ కాగితాలు, ఆయుధాలు మోసినవారిలో ఎక్కువమంది తోసియా ఆల్ట్‌మాన్ లాంటి యువతులు. పోలిష్ బాగా మాట్లాడి, క్రైస్తవ పేరుతో రైలెక్కేవారు.

చట్టం ఎవరికి దక్కింది

అప్పటి యుద్ధ నియమాల ప్రకారం రక్షణ దొరకాలంటే యూనిఫాం ఉండాలి, ఆయుధం బాహాటంగా పట్టాలి. మామూలు బట్టల్లో ఉన్న ఏజెంటు ఆడైనా మగైనా గూఢచారి కిందే లెక్క. దానికి తోడు జర్మన్లు కొందరు ఖైదీలను 'రాత్రి, పొగమంచు' అనే ఆదేశం కింద ఎవరికీ జాడ తెలియకుండా మాయం చేసేవారు. నర్సింగ్ సంస్థలో ఇచ్చిన అధికారి హోదా పట్టుబడ్డప్పుడు అడ్డుపడుతుందని లండన్‌లో కొందరు ఆశపడ్డారు. పడలేదు.

వార్సాలో కథ వేరేగా ముగిసింది. 1944 అక్టోబర్‌లో తిరుగుబాటు ఓడిపోయినప్పుడు, దాన్ని నడిపిన రహస్య సైన్యం పోలిష్ హోమ్ ఆర్మీ లొంగుబాటు షరతుల్లోనే తమవాళ్లను యుద్ధఖైదీలుగా చూడాలని రాయించుకుంది. మహిళలకూ అది వర్తించింది. దాదాపు 1,700 మందిని ఓబర్లాంగెన్ శిబిరంలో ఉంచారు. 1945 ఏప్రిల్‌లో పోలిష్ సాయుధ దళమే వచ్చి విడిపించింది. తేడా ధైర్యంలో లేదు. అక్కడ ఒక సైన్యం తన మహిళలను సైనికులుగా ముందే లెక్కగట్టుకుని బేరమాడింది.

పతకాల లెక్క

పెర్ల్ విదరింగ్టన్‌కు యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వ గౌరవమైన ఎంబీఈ పతకం ఇచ్చారు, పౌర విభాగంలో. తాను చేసిన పనిలో పౌరసంబంధమైనది ఏమీ లేదని ఆమె తిప్పి పంపారు. తర్వాత సైనిక విభాగంలో ఇచ్చారు. పారాచూట్ బ్యాడ్జి కథ ఇంకా విడ్డూరం. ఐదుసార్లు దూకితే ఆ బ్యాడ్జి వస్తుంది. శిక్షణలో మగవాళ్లను నాలుగుసార్లు దూకించేవారు, నిజమైన ఆపరేషన్‌తో ఐదు పూర్తయ్యేవి. ఆడవాళ్లకు శిక్షణలో మూడే. కాబట్టి చీకట్లో శత్రుదేశంలో దూకినా లెక్క నాలుగు దగ్గరే ఆగింది. ఆ బ్యాడ్జి ఆమెకు 2006లో, తొంభై దాటాక అందింది.

ఫ్రాన్స్ తన అత్యున్నత ప్రతిఘటన గౌరవమైన 'కంపాన్యో ద లా లిబెరాసియో'ను 1,038 మంది వ్యక్తులకు ఇచ్చింది. వారిలో మహిళలు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురికి మరణానంతరం. 3,000 మంది నెట్‌వర్క్ నడిపిన ఫుర్‌కాద్ ఆ జాబితాలో లేరు. ఇదే ఫ్రాన్స్ 1944 ఏప్రిల్ 21 దాకా తన మహిళలకు ఓటుహక్కు కూడా ఇవ్వలేదని గుర్తుంచుకుంటే ఈ అంకె అంతగా ఆశ్చర్యపరచదు. పోలండ్‌లో పుట్టి బ్రిటన్ తరఫున పనిచేసిన క్రిస్టీన్ గ్రాన్‌విల్, 1944 ఆగస్టులో దీన్యే పట్టణంలో జర్మన్ రహస్య పోలీసులైన గెస్టపో దగ్గరికి తానే నడిచి వెళ్లి, బెదిరింపుతో, ఇరవై లక్షల ఫ్రాంకులతో, కాల్చివేతకు సిద్ధంగా ఉన్న ముగ్గురు ఏజెంట్లను విడిపించుకొచ్చారు. యుద్ధం అయ్యాక ఓడల్లో పరిచారికగా పనిచేశారు.

ఈ తీరు ఫ్రాన్స్‌కే పరిమితం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో, ఆంధ్ర ప్రాంతపు అజ్ఞాత ఉద్యమంలో కూడా 'కొరియర్', 'డెన్' అన్న మాటలే వాడుకలో ఉండేవి. మల్లు స్వరాజ్యం లాంటి వారు దళాల్లో తిరిగితే, ఇంకెందరో స్త్రీలు రహస్య స్థావరాలను మామూలు సంసారాల్లా కనిపించేలా నడిపారు. పొయ్యి వెలుగుతూ, దండెం మీద బట్టలు ఆరుతూ ఉంటే ఆ ఇంటి మీద పోలీసు కన్ను పడదు. అలా డెన్‌లలో అజ్ఞాతంగా గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మ, తర్వాత బతుకుతెరువు కోసం మళ్లీ చదువుకుని హాస్టల్ ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది.

లెక్కలోకి రానివాళ్లు

39 మంది, 13 మంది అన్న అంకెలు బ్రిటన్ నుంచి వెళ్లినవారివి. ప్రతి ఏజెంటు చుట్టూ ఇల్లిచ్చినవాళ్లు, తలుపు దగ్గర కావలి కాసినవాళ్లు, సైకిల్ అరువిచ్చినవాళ్లు పదుల సంఖ్యలో ఉండేవారు. వారిలో ఎక్కువమంది ఫ్రెంచి మహిళలు. వాళ్ల పేర్లు లండన్ ఫైళ్లలో లేవు.

ఈ తేడా ఎంత దూరం పోయిందో ఒక పొరపాటు చూపిస్తుంది. 1945–46లో వీరా అట్కిన్స్, జాడ తెలియని 118 మంది ఏజెంట్ల కోసం జర్మనీ అంతా తిరిగి, కాపలాదారులను, బతికిన ఖైదీలను ప్రశ్నించారు. 1944 జులై 6న నాట్స్‌వైలర్ శిబిరంలో నలుగురు మహిళలను చంపారని తేలింది. ఆంద్రే బొరెల్, వీరా లీ, డయానా రౌడెన్ అని ముగ్గురిని పోల్చారు. నాలుగో మనిషి వర్ణన విని నూర్ అని రాసుకున్నారు, కుటుంబానికి అదే చెప్పారు. నూర్ చనిపోయింది దాహౌలో అని 1947లో గానీ తేలలేదు.

నాట్స్‌వైలర్‌లో చనిపోయిన నాలుగో మనిషి సోనియా ఓల్షానెజ్‌కీ. జర్మనీలో పుట్టి పారిస్‌లో పెరిగిన యూదు యువతి, నర్తకి, ఎస్ఓఈ నెట్‌వర్క్ ఒకదానికి కొరియర్. ఫ్రాన్స్‌లోనే చేరడం వల్ల ఆమె ఎప్పుడూ లండన్ రాలేదు. అట్కిన్స్ దగ్గరున్న జాబితాలో ఆమె పేరు లేదు. అందుకే ఆ 13లోనూ లేదు.